కాగితం చూశావా, చోటు చూశావా?

(మహాసభల సాంకేతిక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



గుత్తివంకాయ కూరతో భోజనం చేసి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి రైల్వే సిగ్నళ్ళ గురించి చెప్పమనటం కార్యకర్తలు నాకు వేసిన శిక్షో, మీకు వేసిన శిక్షో తెలియదు. పక్క హాల్లో పాటల పోటీ ఉంది. అయినా ఇంతమంది ఇక్కడున్నారంటే మీలో సగం మంది రైల్వే కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళయినా అయ్యుండాలి, లేదా ఈ హాల్లో ఏసీ బాగా పనిచేస్తూ అయినా ఉండాలి.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. వరంగల్లో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో కొన్నాళ్ళు అందరిలాగే బ్యాంకుల ప్రోగ్రాములు రాసి, ఇక్కడికొచ్చాక అనుకోకుండా రైల్వే భద్రత పనిలో పడ్డాను. నా పని ప్రోగ్రాములు రాయటం కాదు. వేరేవాళ్ళు తయారుచేసిన రక్షణ వ్యవస్థని చూసి, "దీన్ని నమ్మి జనాన్ని ఎక్కించవచ్చు" అనో, "ఇంకా కాదు" అనో రాసి సంతకం పెట్టటం. చెప్పుకోటానికి చిన్న పనే. ఆ సంతకం గురించే ఇవాళ మాట్లాడతాను.

మా నాన్నగారు డోర్నకల్ జంక్షన్లో సిగ్నల్ మెయింటెయినర్‌గా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు సెలవుల్లో నన్ను కేబిన్‌కి తీసుకెళ్ళేవారు. వరసగా ఇనప లీవర్లు. ఒక లీవరు లాగి ఉండగా దానికి విరుద్ధమైన లీవరు లాగబోతే కదలదు. కింద కడ్డీలు ఒకదానికొకటి అడ్డం పడతాయి. "ఇదేరా ఇంటర్‌లాకింగ్. మనిషి తప్పు చెయ్యాలనుకున్నా ఇనుము చెయ్యనివ్వదు" అన్నారు ఒకసారి. నా చదువు మొత్తంలో నాకు బాగా అర్థమైన పాఠం అదే. ఆ కడ్డీల స్థానంలో తర్వాత రిలేలు వచ్చాయి, రిలేల స్థానంలో కంప్యూటర్లు వచ్చాయి. కడ్డీ అడ్డం పడిందో లేదో కంటితో చూడవచ్చు. కంప్యూటర్లో అడ్డం పడుతుందో లేదో ఎలా చూడటం? అక్కడ మొదలవుతుంది మా తంటా.

ఇక ఈ దేశం కథకి వస్తాను. ఇక్కడ పెరిగిన మీ పిల్లలకి ఇది బడిలో చెప్పే ఉంటారు. 1953 డిసెంబరు 24, క్రిస్మస్ ముందురోజు రాత్రి. వెల్లింగ్టన్ నుంచి ఆక్లాండ్ వచ్చే ఎక్స్‌ప్రెస్, 285 మంది మనుషులు. పండక్కి ఇళ్ళకెళ్ళేవాళ్ళు కొందరు, అంతకుముందు రోజే ఆక్లాండ్‌లో దిగిన ఎలిజబెత్ రాణిని చూడటానికి వచ్చేవాళ్ళు కొందరు. రుఆపెహు అగ్నిపర్వతం శిఖరం మీద ఒక సరస్సు ఉంది. ఆ రాత్రి దాని గట్టు తెగింది. నీళ్ళు, బూడిద, బండరాళ్ళు, మంచుగడ్డలు కలిసి వాంగఎహు నదిలోకి దిగాయి. ఇలాంటి ప్రవాహాన్ని లాహార్ అంటారు. తాంగివాయి అనే చోట అది రైలు వంతెన స్తంభాలని పడగొట్టింది. కాసేపటికి రైలొచ్చింది. 10 గంటల 21 నిమిషాలకి ఇంజనూ, దాని వెనక రెండో తరగతి పెట్టెలు ఐదూ నదిలోకి వెళ్ళిపోయాయి. మొదటి తరగతి పెట్టె ఒకటి అంచున వేలాడి, తర్వాత అదీ పడింది. 151 మంది పోయారు. వారిలో 148 మంది రెండో తరగతి ప్రయాణికులు. 20 మంది శవాలు దొరకనే లేదు. తాంగివాయి అంటే మావోరీ భాషలో ఏడ్చే నీళ్ళు అని అర్థం. ఆ పేరు ప్రమాదం తర్వాత పెట్టింది కాదు, ముందు నుంచీ ఉన్నదే.

ఆ రాత్రి ఆ వంతెనకున్న రక్షణ వ్యవస్థ ఏమిటో తెలుసా? ఒక టార్చిలైటు. సిరిల్ ఎల్లిస్ అని ఒక తపాలా గుమాస్తా రోడ్డు మీద వెళుతూ, నీళ్ళు పొంగటం చూసి, పట్టాల వెంట రైలుకి ఎదురు పరిగెత్తి టార్చి ఊపాడు. డ్రైవరు బ్రేకులు వేశాడు, కానీ వంతెనకి ముందు ఆగేంత దూరం మిగల్లేదు. ఆ బ్రేకులే వెయ్యకపోతే మరిన్ని పెట్టెలు పడేవి. ఎల్లిస్ తర్వాత అంచున వేలాడుతున్న పెట్టెలోకి కూడా ఎక్కి, అది నదిలో పడ్డాక కూడా లోపలివాళ్ళని బయటికి తీశాడు. ఆయనకీ, జాన్ హోల్‌మన్ అనే మరొకాయనకీ జార్జ్ మెడల్ ఇచ్చారు.

ఇది వింటున్నప్పుడు నాకు ఎప్పుడూ మనవైపు వలిగొండ గుర్తొస్తుంది. 2005 అక్టోబరు 29, తెల్లవారుజాము. రేపల్లె నుంచి సికింద్రాబాదు వస్తున్న డెల్టా ఫాస్ట్ పాసింజరు. పైన చెరువు కట్ట తెగి, రామన్నపేట, వలిగొండల మధ్య చిన్న వంతెన దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. వందమందికి పైగా పోయారు. అదే రోజు సాయంత్రం ఢిల్లీలో బాంబులు పేలటంతో దేశం కళ్ళు అటు తిరిగాయి. అగ్నిపర్వతం మీద సరస్సయినా, నల్గొండ జిల్లాలో చెరువైనా రైలుకి జరిగింది ఒకటే. సిగ్నల్‌కి పట్టా మీద ఇంకో బండి ఉందో లేదో తెలుస్తుంది. పట్టా కింద నేల ఉందో లేదో తెలియదు. మేము ఒక వ్యవస్థని అంచనా వెయ్యటానికి కూర్చున్నప్పుడు మొదట వేసే ప్రశ్న "ఇది బాగా పనిచేస్తుందా" అని కాదు. "ఇది దేన్నించి కాపాడుతుంది, దేన్నించి కాపాడదు" అని. రెండో జాబితా ఎప్పుడూ పొడుగ్గా ఉంటుంది, దాన్ని రాయటానికి ఎవరికీ ఇష్టం ఉండదు.

తాంగివాయి తర్వాత రైల్వేవాళ్ళు నది ఎగువన ఒక హెచ్చరిక పరికరం పెట్టారు. 1995, 96లలో రుఆపెహు మళ్ళీ పేలి, సరస్సు నీళ్ళు ఎగిరిపోయి, బూడిద పేరుకుని ఒడ్డు మీద ఏడు మీటర్ల గట్టు లాంటిది ఏర్పడింది. సరస్సు మళ్ళీ నిండుతుంది, నిండితే ఆ బూడిద గట్టు ఆగదు. ఇది అందరికీ ముందే తెలుసు. ఏం చెయ్యాలి? బుల్డోజరు పంపి గట్టు తవ్వేస్తే పోలేదా అన్నారు కొందరు. కానీ ఆ పర్వతం మావోరీ తెగలకి పవిత్రమైనది. తిరుమల కొండని తవ్వుతామంటే మనం ఊరుకుంటామా? పైగా అది ప్రపంచ వారసత్వ స్థలం. పర్వతం మీదికి యంత్రాలనీ మనుషులనీ పంపటంలో ప్రమాదం కూడా ఉంది. ఏళ్ళ తరబడి వాదోపవాదాలు జరిగాయి. చివరికి పర్వతాన్ని ముట్టుకోకుండా, హెచ్చరిక వ్యవస్థ పెట్టారు. సరస్సు నీటిమట్టం కొలిచే సెన్సర్, గట్టు తెగితే తెగే తీగ, నేల అదురుని పసిగట్టే జియోఫోన్లు. అలారం వస్తే రైళ్ళు ఆగాలి, రోడ్డు మీద గేట్లు పడాలి.

2007 మార్చి 18, ఆదివారం, మధ్యాహ్నం కాకముందే గట్టు తెగింది. 13 లక్షల ఘనపు మీటర్లకి పైగా నీళ్ళు దిగాయి. తాంగివాయి చేరటానికి దానికి సుమారు 40 కిలోమీటర్ల దారి. అలారం మోగింది, రైళ్ళు ఆగాయి, రోడ్లు మూసేశారు. వంతెన నిలిచింది. ఒక్క ప్రాణమూ పోలేదు. మర్నాడు పత్రికల్లో బురద ఫోటోలు తప్ప ఏమీ లేవు. మా వృత్తిలో పండగ అంటే అలా ఉంటుంది, చూడటానికి ఏమీ ఉండదు.

అయితే అదే ఏడు సెప్టెంబరు 25న రుఆపెహు చెప్పాపెట్టకుండా పేలింది. శిఖరం దగ్గర గుడిసెలో నిద్రపోతున్న ఒక కుర్రాడి కాలు బండరాళ్ళ కింద నలిగిపోయింది. హెచ్చరిక వ్యవస్థ తప్పు అందులో లేదు. అది నది దిగువన ఉన్నవాళ్ళ కోసం పెట్టింది, శిఖరం మీదున్నవాళ్ళ కోసం కాదు. ఆ రెండో జాబితా అన్నానే, అది ఇదే.

ఇక లెక్కల సంగతి. భయపడకండి, ఒక్కటే లెక్క చెబుతాను. రైలుని ఆపే కంప్యూటర్‌కి సిల్ 4 అనే స్థాయి కావాలంటారు. అంటే అది ప్రమాదకరంగా విఫలమయ్యే అవకాశం గంటకి పదికోట్లలో ఒక వంతు కన్నా తక్కువ ఉండాలి. పదికోట్ల గంటలంటే పదకొండు వేల ఏళ్ళ పైచిలుకు. అంతకాలం నడిపి పరీక్ష చేద్దామంటే, పదకొండు వేల ఏళ్ళ కిందట మన పూర్వీకులకి వ్యవసాయమే సరిగ్గా రాదు. కాబట్టి ఈ అంకె పరీక్షించి తేల్చేది కాదు. పరికరాల భాగాలకైతే లెక్క కట్టవచ్చు, ఒక్కొక్క రిలే, ఒక్కొక్క చిప్పు ఎంత తరచుగా చెడుతుందో అనుభవం ఉంది. సాఫ్ట్‌వేర్ చెడిపోదు. అందులో తప్పు ఉంటే మొదటి రోజు నుంచే ఉంటుంది, సరైన ముహూర్తం కోసం ఎదురుచూస్తుంది.

మరి మూడు కంప్యూటర్లు పెట్టి, ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటేనే పచ్చ దీపం ఇస్తే? చాలా చోట్ల చేసేది అదే, పరికరం చెడిపోవటం నుంచి అది బాగా కాపాడుతుంది. కానీ ముగ్గురికీ ఒకే ప్రోగ్రాము ఇస్తే ముగ్గురూ ఒకే తప్పు చేస్తారు. వేరువేరు మనుషుల చేత వేరువేరుగా రాయిస్తే? 1986లో నైట్, లెవెసన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో 27 మంది చేత విడివిడిగా ఒకే ప్రోగ్రాము రాయించి, పది లక్షల పరీక్షలు పెట్టారు. ఒకరికొకరు సంబంధం లేకుండా రాసినవాళ్ళు కూడా, యాదృచ్ఛికంగా జరగాల్సినదానికన్నా చాలా ఎక్కువసార్లు, ఒకే ప్రశ్న దగ్గర కలిసి తప్పారు. పరీక్షల్లో కాపీ కొట్టకుండానే క్లాసు మొత్తం ఒకే లెక్క తప్పు చెయ్యటం మనం చూడలేదా? లెక్క కష్టమైన చోటే అందరూ జారతారు.

విఫలమైతే ఎర్ర దీపం పడాలి, బండి ఆగాలి. దీన్నే ఫెయిల్ సేఫ్ అంటారు. వినటానికి బాగుంటుంది. 2011 జులై 23న చైనాలో వెన్‌జౌ దగ్గర పిడుగు పడి సిగ్నల్ పరికరంలో ఒక ఫ్యూజు పోయింది. పరికరం ఆగిపోలేదు. పోకముందు చూసిన "ఖాళీ" అనే సమాచారాన్నే పట్టుకుని చెబుతూ ఉండిపోయింది. వెనక రైలుకి పచ్చ దీపం వచ్చింది. 40 మంది పోయారు.

ఎర్ర దీపం పడినా కథ అక్కడితో అయిపోదు. నా అభిప్రాయంలో ఈ రంగంలో అందరూ తక్కువగా చూసే విషయం ఇదే. 2023 అక్టోబరు 29న, వలిగొండ జరిగి సరిగ్గా పద్ధెనిమిదేళ్ళకి, విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండల మధ్య విశాఖ–పలాస పాసింజరుని వెనకనించి విశాఖ–రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. ఆ సాయంత్రం అక్కడ ఆటోమేటిక్ సిగ్నళ్ళు చెడి ఉన్నాయి. చెడినప్పుడు ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగి, గంటకి పది కిలోమీటర్ల వేగంతో పోవాలని నియమం. యంత్రం క్షేమంగా విఫలమై, బాధ్యత అంతా మనిషి నెత్తిన పెట్టి తప్పుకుంది. అందుకే "తరచుగా చెడిపోతుందండీ, కానీ క్షేమంగానే చెడిపోతుంది" అని ఎవరైనా నాతో అంటే నేను ఒప్పుకోను. చెడిన ప్రతిసారీ మనిషి చేతిలోకి వస్తుంది. నమ్మకంగా పనిచెయ్యటం వేరు, భద్రత వేరు అని పుస్తకాల్లో ఉంటుంది. పట్టాల మీద అవి అంత వేరు కావు.

మన కవచ్ గురించి అడగాలని కొందరి మొహాల్లో కనిపిస్తోంది. చెబుతాను, అది సగం మన హైదరాబాదు బిడ్డే. లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ మార్గాల్లో 2016 నుంచి పరీక్షలు చేశారు. తయారుచేసిన మేధా, హెచ్.బి.ఎల్., కెర్నెక్స్ మూడూ హైదరాబాదు కంపెనీలే. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిడ్డల మధ్య రైల్వే మంత్రి ఎక్కిన ఇంజను, ఎదురుగా ఆగి ఉన్న ఇంజనుకి 380 మీటర్ల దూరంలో తనంతట తాను ఆగింది. కంటకాపల్లి మార్గంలో అప్పటికి కవచ్ లేదు. ఉంటే ఆ ప్రమాదం ఆగేదనే నేననుకుంటాను. ఇక్కడ ఆక్లాండ్ లోకల్ రైళ్ళకి ఉన్నది యూరప్ పద్ధతి, ఇ.టి.సి.ఎస్. అంటారు. విద్యుత్ రైళ్ళు 2014లో మొదలయ్యాయి, వాటితోపాటే వచ్చింది. పట్టాల మధ్య పసుపు పలకల్లాంటివి చూసే ఉంటారు, అవి రైలు మీది కంప్యూటర్‌కి ఎక్కడ ఆగాలో చెబుతాయి. డ్రైవరు ఆపకపోతే అదే ఆపుతుంది.

కానీ 2023 జూన్ 2న ఒడిశాలో బహానగా బజార్ దగ్గర కోరమండల్ ప్రమాదం? 290 మందికి పైగా పోయారు. విశాఖ, రాజమండ్రి, విజయవాడ మీదుగా మనమంతా ఎప్పుడో ఒకప్పుడు ఎక్కిన బండి. అక్కడ సిగ్నల్ మెయిన్ లైనుకి పచ్చ చూపించింది, పట్టాలు లూప్ లైనుకి తిరిగి ఉన్నాయి. గేటు దగ్గర పనుల్లో వైర్లు తప్పుగా కలిపారని విచారణలో తేలింది. 2018లో చేసిన మార్పులోనూ లోపం ఉంది. కవచ్ అయినా, యూరప్‌దైనా ఇంటర్‌లాకింగ్ చెప్పే మాటనే నమ్ముతుంది. అది అబద్ధం చెబితే ఇదీ అబద్ధాన్నే అమలు చేస్తుంది. మా నాన్నగారి ఇనప కడ్డీ అబద్ధం చెప్పదు, వైరు చెబుతుంది.

లండన్‌లో క్లాపమ్ జంక్షన్, 1988 డిసెంబరు 12. అదీ వైరే. కొత్త వైరు కలిపినవాడు పాత వైరుని కత్తిరించకుండా వదిలేశాడు, అది వెళ్ళి పాత చోటే తగిలింది. 35 మంది పోయారు. ఆ పనివాడు అంతకుముందు పదమూడు వారాల్లో ఒక్క రోజు సెలవు తీసుకున్నాడని విచారణలో బయటపడింది. అతని పనిని రెండోవాడు వైర్లు లెక్కపెట్టి చూడాలి, ఎవరూ చూడలేదు. ఆ పనివాడి సెలవు చీటీ ఏ సర్క్యూట్ డ్రాయింగులోనూ ఉండదు.

ఇప్పుడు నా సంగతి. చెప్పాలా వద్దా అని నెల రోజులు ఆలోచించాను. కొన్నేళ్ళ కిందట, ఈ దేశంలోనే, ఒక ప్రాజెక్టులో ఒక లెవెల్ క్రాసింగ్ అలారం కంట్రోలర్‌ని నేను పరిశీలించాను. కంపెనీ పేరు వద్దు. రైలు ఒక సెన్సరు దాటగానే గంటలు మోగాలి, రైలు వచ్చేలోపు కనీసం 30 సెకన్లు ఉండాలని ఆ ప్రాజెక్టులో పెట్టుకున్నాం. ల్యాబులో సిమ్యులేటరు మీద వందల సార్లు నడిపారు. ప్రతిసారీ 40 సెకన్లు. రిపోర్టు ముచ్చటగా ఉంది. సంతకం పెట్టేశాను.

ఆ వారం ఫోన్లో నాన్నగారికి గొప్పగా చెప్పాను. ఆయన అంతా విని, "ఏరా, నువ్వు కాగితం చూశావా, చోటు చూశావా?" అన్నారు. "ఈ రోజుల్లో చోటుకి వెళ్ళక్కర్లేదు నాన్నగారూ, అంతా సిమ్యులేషనే" అన్నాను.

సెన్సరు డ్రాయింగులో 900 మీటర్ల దూరంలో ఉంది. నేల మీద 600 మీటర్ల దగ్గరుంది. కల్వర్టు అడ్డొచ్చిందని ఎప్పుడో ఎవరో ఇటు జరిపారు, డ్రాయింగు మార్చలేదు. మా కంట్రోలర్‌లో పెట్టిన పట్టిక ఆ డ్రాయింగు నుంచే, సిమ్యులేటరులో పెట్టిన పట్టికా ఆ డ్రాయింగు నుంచే. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం సాక్ష్యం చెప్పింది, నేను తీర్పు రాశాను. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో 600 మీటర్లంటే 27 సెకన్లు. ఆ రోడ్డు మీద బడి బస్సు తిరుగుతుంది. మెదక్ జిల్లా మాసాయిపేటలో 2014 జులైలో బడి బస్సుని రైలు గుద్దిన వార్త చదివి ఆ రాత్రి నిద్రపోలేని మనిషిని నేను. అక్కడ గేటే లేదు, ఇక్కడ గేటూ గంటా కంప్యూటరూ అన్నీ ఉండి కూడా మూడు సెకన్లు తక్కువ.

పట్టుకున్నది మా సాఫ్ట్‌వేర్ వాళ్ళెవరూ కాదు. వ్యవస్థని వాడకంలోకి తెచ్చే ముందు ట్రయల్ రైలు నడిపినప్పుడు, రోడ్డు పక్కన వానలో నిలబడ్డ ఒక టెక్నీషియను. జేబులోంచి స్టాప్‌వాచీ తీసి కొలిచాడు. అతన్ని ఎవరూ కొలవమనలేదు. గంట మోగుతోందా, చెయ్యి దిగుతోందా చూడమన్నారు, అంతే. మూడుసార్లు కొలిచి, మూడుసార్లూ 27 వచ్చాక ఫోన్ చేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. సెన్సరు జరిపారు, డ్రాయింగు మార్చారు, నా రిపోర్టు వెనక్కి తీసుకుని మళ్ళీ రాశాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అదే కష్టంగా ఉండింది.

నాన్నగారికి చెప్పటానికి నాలుగు రోజులు పట్టింది. తిడతారనుకున్నాను. "ఆ కుర్రాడికి టీ అయినా ఇప్పించావా?" అని మాత్రం అడిగారు. ఇప్పించలేదు. మర్నాడు గంటన్నర కారు నడుపుకుంటూ వెళ్ళి ఇప్పించాను. ఆ రోజు నుంచీ నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. పరీక్ష పెట్టే పట్టికా, పరీక్ష రాసే పట్టికా ఒకే చెయ్యి నుంచి వస్తే నేను సంతకం పెట్టను. కొలతలు నేల మీద ఇంకెవరో మళ్ళీ తీసుకోవాలి. దీనివల్ల ప్రాజెక్టులు ఆలస్యం అవుతాయి, మీటింగుల్లో నేను రాగానే కొందరు నిట్టూరుస్తారు. ఒక మేనేజరు నాకు "టేపు" అని పేరు పెట్టాడు కూడా.

నాన్నగారు ఇక్కడికొచ్చినప్పుడు తాంగివాయి తీసుకెళ్ళాను. స్మారక స్థలంలో పేర్లన్నీ నిదానంగా చదివారు. వంతెన స్తంభాల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. 2007లో అలారం ఎలా మోగిందో, రైళ్ళు ఎలా ఆగాయో, జియోఫోన్లు ఎలా పనిచేస్తాయో నాకు తెలిసినదంతా చెప్పాను. వింటూ పైకి, మబ్బుల్లో ఉన్న పర్వతం వైపు చూస్తున్నారు.

"అంత పైన, మంచులో... బ్యాటరీలు ఎవరు మారుస్తార్రా?" అన్నారు.

ప్రశ్నలుంటే అడగండి. పాటల పోటీకి వెళ్ళాలనుకునేవాళ్ళు వెనక తలుపు నించి వెళ్ళచ్చు, నేను చూడను.